నాకు పడే బీరు

మిర్యాలగూడ,
బీక్యా మామ ఇంటి నుంచి,
ఆగస్టు.

తమ్ముడు వీరేందర్‌కు,

జేబులో గూఢచారిని పెట్టుకోనని నువ్వు ఫోన్ అమ్మేసిన రోజు నవ్వుకున్నాను. ఇప్పుడు నీ పుణ్యమా అని కాగితం మీద రాయడం మళ్లీ అలవాటవుతోంది. నా ఫోన్ కూడా ఇప్పుడు నా దగ్గర లేదు. పెళ్లి మాట ఖాయమయ్యేదాకా ఆడపిల్లకు ఫోన్ ఎందుకని మామ తీసి పెట్టుకున్నాడు. దవాఖానలో నర్సు డ్యూటీకి సెలవు పెట్టించి, తండాలో కంటే ఇక్కడైతే చుట్టాలు వచ్చిపోవడం సులువని తన ఇంట్లో ఉంచాడు. నేను రాసింది చదివి, కవరు అంటించి, తనే పోస్టులో వేస్తాడు. ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని ఉన్నాడు.

సంగతేమిటంటే, కోదాడ సంబంధం వచ్చింది. అబ్బాయి పేరు మల్సూర్. అక్కడ వాళ్లకు బార్ అండ్ రెస్టారెంట్ ఉంది. మన తండా బెల్టుషాపుకు సరుకు వాళ్ల దగ్గర నుంచే వచ్చేదని నీకు తెలుసు. నాయిన ఒప్పుకున్నాడు. దసరా తర్వాత మన తండాలోనే ఖాయం చేస్తారట.

మన పద్ధతి నీకు చెప్పనక్కరలేదు. మగపెళ్లివాళ్లు ఇత్తడి గిన్నె తెస్తారు. పెద్దల పేరు మీద నేలకు సాక పోసి, మిగిలింది పిల్ల తోడబుట్టినవాడు వాళ్ల చేతి నుంచి అందుకుని తాగాలి. తర్వాత తండ్రి తాగుతాడు. తమ్ముడు తాగితే మాట ఖాయం. తాగకపోతే సంబంధం అక్కడికి ఖతం. వెనకట సారా పోసేవాళ్లు, ఇప్పుడు బీరు పోస్తున్నారు. మల్సూర్ వాళ్లు ప్రత్యేకంగా చెప్పి పంపారు: "బెల్టుషాపు బంద్ పెట్టించిన పిలగాడే మా గిన్నె తాగాలె. సుక్క మిగల్సొద్దు."

నువ్వు తాగవని నేను చెప్పాను. గరిడేపల్లి మీటింగులో మైకు పట్టుకుని ప్రమాణం చేశావని, మాట తప్పే మనిషివి కాదని కూడా చెప్పాను. అంతే. ఇంకేమీ రాయను.

నీ అక్క,
నీలా


సూర్యాపేట,
ప్రెస్సు నుంచి.

నీలా అక్కకు,

తాగను. ఈ ఉత్తరానికి ఇదే మొదటి వాక్యం, ఇదే చివరి వాక్యం. మధ్యలో ఉన్నదంతా మామ కోసం, గట్టిగా చదవమను.

ఇద్దరు మనుషుల బతుకును ఇత్తడి గిన్నె ఖాయం చేస్తుందా? మత్తు మీద నిలబడిన ఆచారం మనిషిని పడుకోబెడుతుందని మొన్న మా ప్రెస్సులో అచ్చయిన కరపత్రంలో ఉంది. ఆ వాక్యం నేనే రాశాను, సంఘం పేరు మీద వేశాం. వాళ్లకు కావలసింది ఖాయం కాదు, నా నోరు. షాపు మూయించిన నోట్లో వాళ్ల సరుకు పోసి తండా అంతటికీ చూపించాలని.

ఇంకో మాట. తాగినాక మనసు మారితే గిన్నెను వాళ్ల గడప ముందు బోర్లించి రావాలట. అలా బోర్లించిన ఇంటి మగవాళ్లతో తండాలో ఎవరూ జన్మంతా కలిసి కూర్చుని తాగకూడదట. దీన్ని వాళ్లు శిక్ష అంటారు. నాకైతే అది సన్మానపత్రం.

మామ చదివితే చదవనీ, నిజం ఒప్పుకుంటున్నాను. నా ప్రమాణంలో సిద్ధాంతం సగం, నాలుక సగం. ఇంటర్‌లో ఉన్నప్పుడు మన కోదాడ కృపాకర్ ఇచ్చిన సీసాలోంచి ఒక్క గుక్క తాగి, బస్టాండు గోడకు అభిషేకం చేశాను. ఆ చేదును మనుషులు డబ్బిచ్చి ఎందుకు కొంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నిన్ను చూడాలని ఉంది. కానీ బెల్టుషాపు గొడవలో బీక్యా మామ గడప తొక్కనని అన్నాను. దాని మీద కూడా నిలబడతాను.

తాగను.

వీరేందర్


మిర్యాలగూడ,
మామ ఇంటి నుంచి.

తమ్ముడూ,

నీ ఉత్తరం మామ అందరి ముందూ చదివాడు. మధ్య మధ్య ఆగి నిన్ను తిట్టి, మళ్లీ అందుకున్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపునిండా తిన్నాను.

మల్సూర్ వచ్చి వెళ్లాడు. "పెండ్లయినంక డ్యూటీలెందుకు? మా కౌంటర్ల ఫ్యాన్ కింద కూసుంటది" అని మామతో అన్నాడు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లాను.

ప్రమాణం అంటే ప్రమాణమే. అట్లనే ఉండు.

నీలా


సూర్యాపేట,
సెప్టెంబరు.

అక్కా,

నాయిన వచ్చాడు. చెప్పాపెట్టకుండా ప్రెస్సుకే వచ్చి కాగితం కట్టల మీద కూర్చున్నాడు. షాపు మూయించిన రోజు నుంచి నాతో మాట్లాడని మనిషి. టీ తెప్పిస్తే తాగలేదు. యంత్రం ఆగేదాకా నేల చూస్తూ కూర్చుని, లేచేటప్పుడు అన్నాడు: "నువ్ గొప్పోనివే బిడ్డా. నీ ఒట్టు పెద్దది. నా పిల్లనే చిన్నగయింది."

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. కృపాకర్ దగ్గరికి వెళ్లాను. వాడు ఇప్పుడు ఇక్కడ హైవే మీద కొత్తగా తెరిచిన చోట బీరు కాస్తున్నాడు. మనిషికి రెండింతలు ఎత్తున స్టీలు పీపాలు, వాటిలో అక్కడికక్కడే పులియబెట్టి పంపు తిప్పి గ్లాసుల్లో పోస్తారు. విషయం చెబితే వాడు నా మీదే విరుచుకుపడ్డాడు.

"నీ ఒట్టు కోసం అక్క పెళ్లి ఆపేస్తావేంట్రా? ఒక్క గిన్నె తాగితే నీ విప్లవం ఆగిద్దా? అసలు నీకు బీరు పడదని ఎవుడన్నాడు? నువ్వు తాగింది ఒక్కటే రకం, అది కూడా ఎండలో పెట్టిన సీసా. అన్నంలో పురుగొచ్చిందని జన్మలో అన్నమే తిననన్నట్టుంది నీ యవ్వారం."

ప్రజలతో కలవని వాడు ప్రజల కోసం ఏమీ చేయలేడని ఎన్ని కరపత్రాలు అచ్చు వేశాను అక్కా. వాటిని అచ్చు వేయడమే గానీ చదవలేదని అప్పుడు తెలిసింది. నువ్వు కడుపునిండా తిన్నానని రాశావు. నా మనసు కుదుటపడాలని రాసిన అబద్ధం అది. నా మాట నిలబెట్టడానికి నీ పెళ్లినే వదులుకోబోయావు. ఆ త్యాగాన్ని నేను తీసుకోను.

అందుకని వెతుకుతున్నాను. నా గొంతు దిగే బీరు ఒకటి, గిన్నెడు. మొదటిరోజు కృపాకర్ ఎర్రగా ఉన్నదొకటి పోశాడు. వాసన చూస్తే పంపరపనస తొక్క గిల్లినట్టు బాగుంది. నోట్లో పోసుకున్నాక వేపచెట్టు మొత్తం నాలుక మీద మొలిచింది. హాప్స్ అనే తీగ పువ్వు వేస్తారట, చేదు దానిదేనట. "ఇది తాగడానికి జనం హైదరాబాద్ నుంచి వస్తార్రా" అన్నాడు. రానీ, నేను బయటికి పరుగెత్తాను.

వదిలిపెట్టను. నీ కోసం ఈ ఒక్క చేదు మింగలేనా?

వీరేందర్


మిర్యాలగూడ.

తమ్ముడూ,

ఇది త్యాగం కాదు. నేను రాసిన మాటను రాసినట్టే చదువుకో. దానికి నువ్వు అర్థాలు కట్టకు.

నీకు గుర్తుందా, తండాలో చలిజ్వరాలు వచ్చిన ఏడు మనల్ని కన్న యాడే పిల్లలందరికీ కషాయం పట్టింది. అందరం ముక్కు మూసుకుని మింగాం. నువ్వొక్కడివే చెంచా కొరికి పట్టుకున్నావు, వదలలేదు. నాయిన నిన్ను కొట్టబోతే నేను అడ్డం వచ్చాను. నీ నోరు అబద్ధం ఆడదు తమ్ముడూ. ఏ బీరూ నీకు పడదు. వెతకడం మానెయ్.

ఇంతకంటే వివరంగా రాస్తే మామకు చదవడానికి కష్టమవుతుంది.

నీలా


సూర్యాపేట,
దసరా ముందు.

అక్కా,

దొరికింది. ముందు దొరకనివాటి గురించి చెబుతాను, నవ్వుకుంటావు.

నల్లటిదొకటి ఉంది. మొలకెత్తించిన బార్లీని మాడ్చి కాస్తారట. కాఫీలా ఉంటుందని కృపాకర్ ఊరించాడు. నాకైతే అడుగంటిన జొన్న గటక గుర్తొచ్చింది. సగం గ్లాసు దాకా వెళ్లి చేతులెత్తేశాను. ఇంకోటి పుల్లనిది, ఉప్పు కూడా వేస్తారు. అచ్చం బస్టాండు నిమ్మసోడా. ఆహా అనుకుని గటగటా తాగాను. కడుపు ఒప్పుకోలేదు. ఆ తర్వాత మీ మిర్యాలగూడ మిల్లు నూకలతో కాచినది. గంజి తేటలా తేలిగ్గా ఉంది, ఇదేనేమో అనుకున్నా. మింగినాక మాత్రం వెనక నుంచి ఎవరో పిలిచినట్టు చేదు వచ్చి గొంతు పట్టుకుంది.

"బీరుని మందులాగా మింగుతున్నావు, అదీ నీ రోగం" అన్నాడు కృపాకర్. "ముందు వాసన చూడు. చిన్న గుక్క వెయ్యి. మధ్యలో రెండు పల్లీలు నములు. గడ్డకట్టేంత చల్లగా అడగమాక, అట్టా తాగితే ఏదైనా ఒకటే." అని గోధుమ బీరు పోశాడు. మబ్బు పట్టినట్టు తెల్లగా ఉంది. నారింజ తొక్క, దంచిన ధనియాలు వేసి కాచారు. హాప్స్ పేరుకే. మగ్గిన అరటిపండు వాసన, వెనక కొంచెం లవంగం. ఒక గుక్క వేశాను. ఇంకో గుక్క వేశాను. గ్లాసు ఖాళీ అయిందని వాడు చెబితే తెలిసింది. పక్క టేబులు వాళ్లు నా మొహం చూసి అదే తెప్పించుకున్నారు.

మద్యం మీద నా అభిప్రాయం మారలేదు. షాపు మళ్లీ తెరిస్తే మళ్లీ మూయిస్తాను. కానీ నీ ఖాయం రోజు కృపాకర్ స్టీలు క్యానులో పట్టుకొస్తాడు. ఏ బీరైనా ఫరవాలేదని, పోసేది మాత్రం వాళ్ల చేయే కావాలని కోదాడ నుంచి కబురొచ్చింది. నీ పెళ్లికి నా దగ్గర ఉన్న బహుమానం ఇదొక్కటే, నా ప్రమాణం.

వీరేందర్


మిర్యాలగూడ.

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి మామ స్వీట్లు తెచ్చాడు.

ఒక్కసారి వచ్చి పో. మామ ఇల్లని చూడకు, గడప అని చూడకు. ఖాయానికి ముందే రా. కాసేపు కూర్చుని వెళ్దువుగాని.

నీలా


సూర్యాపేట,
దీపావళి దాటాక.

అక్కా,

రాలేకపోయాను. పండగ కరపత్రాలు, షాపుల ప్రకటనలు, ప్రెస్సు ఆగలేదు. అది సాకు. నిజం ఏమిటంటే ఒక ప్రమాణం ఎలాగూ పోతోంది, ఆ గడప ప్రమాణమైనా మిగుల్చుకుందామనుకున్నాను. ఎలాగూ తండాలో కలుస్తాం కదా అనుకున్నాను. అక్కడ ఆడవాళ్ల మధ్య నిన్ను చూడటమే గానీ పలకరించడం కుదరలేదు.

నువ్వు వెనక ఉన్నావు కాబట్టి ముందువరసలో జరిగింది రాస్తున్నాను. మల్సూర్ క్యాను మూత తీసి వాసన చూశాడు. "ఇది బీరా, సర్బతా బామ్మర్దీ?" అన్నాడు. అందరూ నవ్వారు. నేలకు సాక పోశాడు, గిన్నె నింపాడు. నేను అందుకుని తాగాను. చుక్క మిగల్చలేదు. మళ్లీ నింపి నాయినకు ఇచ్చారు. నాయిన తాగి, మూతి తుడుచుకుని, నా భుజం మీద చేయి వేశాడు. అందరికీ వినబడేట్టు "నా కొడుకు" అన్నాడు. ఆ చేయి బరువు ఇంకా నా భుజం మీద ఉంది.

మల్సూర్ కూడా ఒక గ్లాసు తాగి, "మా బార్ల గూడ పెడత. బీరు పడదన్నోనికల్లా గిదే పోస్త. షాపు మూపిచ్చినోడు తాగిన బీరని చెప్త" అన్నాడు. నాకు ఎక్కడో కలుక్కుమంది. ఖాయం రోజు కదా అని ఊరుకున్నాను.

గిన్నెను వాళ్లు మన ఇంట్లో వదిలి వెళ్లారు, పెళ్లి దాకా ఉండాలి కదా. నువ్వు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. సిగ్గనుకున్నాను. సిగ్గే కదా?

వీరేందర్


మిర్యాలగూడ,
దవాఖాన నుంచి,
నవంబరు.

తమ్ముడూ,

ఈ ఉత్తరం మామ చదవలేదు. మాట ఖాయమైంది కాబట్టి, కొత్త నర్సు వచ్చేదాకా డ్యూటీకి వెళ్లనిచ్చారు. వార్డులో పేషెంట్లు నిద్రపోతుంటే మందుల బల్ల మీద పెట్టి రాస్తున్నాను. ఆయమ్మ పోస్టు చేస్తుంది.

సిగ్గు కాదు. నాకు ఆ పెళ్లి వద్దు. మొదటి ఉత్తరం రాసిన రోజు కూడా వద్దు. ఆ మనిషి కౌంటర్లో కూర్చోవడానికి నేను నర్సు చదువు చదవలేదు. ఇంట్లో చెబితే మామ నవ్వాడు. నాయిన నా వైపు చూడలేదు.

మన పద్ధతిలో నా నోటికి గిన్నె లేదు. నేను తాగితే ఎంత, తాగకపోతే ఎంత. అందుకని నీ నోటిని నమ్ముకున్నాను. నువ్వు ఏమీ చేయనక్కరలేదు, ఎప్పుడూ ఉన్నట్టు ఉంటే చాలు. ఎవరితో కొట్లాడకుండా, నా పేరు రాకుండా, నీ మొండితనం వల్ల ఆ సంబంధం పోతుందనుకున్నాను. మామ చదువుతాడని ప్రతిసారీ రాశాను. నువ్వు ఒక్కసారీ ఆగి చూడలేదు.

నీ ఉత్తరాలన్నీ మళ్లీ చదివాను. పంపరపనస తొక్క ఉంది, జొన్న గటక ఉంది, ధనియాలు ఉన్నాయి. నీ నాలుకకు ఏది పడుతుందో, ఏది పడదో అంతా ఉంది. అక్కా, నీకిది పడుతుందా అని ఒక్కచోట కూడా లేదు. ఆడవాళ్ల హక్కుల మీద ఎన్ని కరపత్రాలు అచ్చు వేశావు తమ్ముడూ?

కోపంతో రాయడం లేదు. పెళ్లి మాఘంలో అంటున్నారు. గిన్నె మన అటక మీద ఉంది. దాన్ని బోర్లించడానికి తాగిన ఇద్దరూ వెళ్లాలి, నువ్వూ, నాయినా. నీకు అది సన్మానపత్రమని రాశావు. నాయినకు కాదు. పొద్దుగూకితే నలుగురితో కూర్చుని ఒక గ్లాసు తాగడం తప్ప ఆ మనిషికి ఇంకో సరదా ఏముంది? అది కూడా లేకుండా చేయమని నేనెట్లా అడగను? అందుకే అడగడం లేదు. నీకు తెలియాలని రాశాను.

నీలా


తండా,
గరిడేపల్లి మండలం,
డిసెంబరు.

నీలా అక్కకు,

దవాఖాన చిరునామాకే రాస్తున్నాను. ఫోన్ కొన్నాను, నంబరు కవరు లోపల రాశాను. గూఢచారి ఉంటే ఉండనీ, అక్క మాట కూడా వినబడుతుంది కదా.

నీ ఉత్తరం అందిన రోజు నాకు మొదట కోపం వచ్చింది. మామ మీద, మల్సూర్ మీద, ఆచారం మీద. ఒక కరపత్రానికి సరిపడా వచ్చింది. కలం తీసుకుని కూర్చున్నాక మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. ఎవరి పేరు రాసినా కింద నా పేరు కూడా రాయాల్సి వచ్చింది. కాగితం పక్కన పెట్టి తండా బస్సు ఎక్కాను.

నాయిన గేదెకు గడ్డి వేస్తున్నాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను, ఒక్క మాట దాచకుండా. ఆయన చేతిలో గడ్డి చేతిలోనే ఉంది.

"పిల్ల గట్లన్నదా?"

"గట్లనే రాసింది నాయినా."

"ముందుగల నువ్ అడగలేదా?"

"లే."

గడ్డి గేదె ముందు పడేశాడు. తర్వాత అన్నాడు: "నేను గూడ అడగలే. సెప్పనీకి వచ్చిందని తెల్సు. మొకం అటు తిప్పుకున్న."

ఇంట్లోకి వెళ్లి అటక మీద నుంచి గిన్నె తీశాడు. అడుగున నారింజ వాసన ఇంకా ఉందంటాడు, నాకు తెలియలేదు. కండువాతో తుడిచి సంచిలో పెట్టాడు. రేపు తెల్లారి మిర్యాలగూడ చుట్టు తిరిగి కోదాడ వెళ్తున్నాం. బీక్యా మామకు చెప్పలేదు. దారిలో దిగి ఆయన గడప తొక్కి, ఆయన మొహం మీదే చెప్పి వెళ్తాను. ఆ ప్రమాణం కూడా తీసేశాను. నిన్ను అక్కడ ఇంకొక్క పూట ఉండనివ్వనని రాయబోయి కొట్టేశాను. ఇన్నాళ్లూ రాయని ప్రశ్న ఇప్పుడు రాస్తున్నాను: తర్వాత నీకు ఎక్కడ ఉండాలని ఉంది అక్కా? దవాఖాన హాస్టలా, తండానా, సూర్యాపేటనా? నువ్వు చెప్పు, నేను వింటాను.

ఊరికి ఈ సంగతి అప్పుడే పొక్కింది. సాయంత్రం చావడి దగ్గర నాయిన రోజూ కూర్చునే రాయి మీద కూర్చోబోతే, సక్రు తాత గ్లాసు పక్కకు జరుపుకున్నాడు. నాయిన కాసేపు నిలబడి ఇంటికి వచ్చేశాడు. మంచం మీద కూర్చుని చేతులు చూసుకుంటూ ఉన్నాడు. నేను సన్మానపత్రమని రాశానే, అది ఇలా ఉంటుందని నాకు తెలియదు.

"ఇగ నాతోని ఎవడు కూసుంటడు బిడ్డా" అన్నాడు, నన్ను అడిగినట్టు కాదు, గోడను అడిగినట్టు.

"నేను కూసుంట."

"కూసుంటే ఏమొస్తది? తాగవు కద."

"తాగుత."

"నీకు ఒట్టు ఉన్నది."

"ఉండె."

"చేదు పడదు నీకు. చెంచా గూడ కొరికినోనివి."

"ఒక్కటి పడతది నాయినా" అన్నాను. "కోదాడ నుంచి వచ్చేటప్పుడు సూర్యాపేటల దిగి తెచ్చుకుందాం."

వీరేందర్